కుర్చీ వెయ్యని చోటు

మా కోనసీమలో లావుపాటి మనిషి వ్యాయామం మొదలుపెట్టాలంటే ముందు దాటాల్సింది మర్యాదని. వెక్కిరింపయితే తిరిగి ఒక మాట అనొచ్చు. ఇరవై ఏళ్ళుగా ఆరో తరగతి పిల్లల మధ్య బతుకుతున్నదాన్ని, నాకా విద్య బాగానే వచ్చు. కానీ "అయ్యో, నిలబడ్డారేంటండీ, కూర్చోండి" అని పరుగున కుర్చీ తెచ్చి వేసేవాళ్ళని ఏమనగలం? నేనెక్కడికి వెళ్ళినా నాకంటే ముందు కుర్చీ వస్తుంది. పెళ్ళికెళ్తే చేతుల్లేని కుర్చీ ఎక్కడుందో వెతికి మరీ తెస్తారు. బ్యాంకులో వరసలో నిలబడితే ముందున్న నలుగురూ తప్పుకుంటారు. బడిలో ఆటల పోటీల రోజున బహుమతుల బల్ల వెనకాల సీటు నాదే. మిగతా టీచర్లు ఎండలో ఈలలు ఊదుకుంటూ తిరుగుతుంటే నేను కప్పుల మీద దుమ్ము తుడుస్తూ కూర్చుంటాను.

నా బరువెంతో ఇక్కడ రాయను. అది అడిగే హక్కు మా డాక్టరుగారికి ఒక్కరికే ఇచ్చాను, ఆయనకీ సగం అబద్ధమే చెబుతాను.

కుర్చీని కాదనడం నాకు మరీ కష్టం. దానికి మా ఇంటి కారణం ఒకటుంది. మా నాయనమ్మ మా ఊరి రైసుమిల్లులో ధాన్యం ఎండబోసే గచ్చు మీద కూలి చేసిన మనిషి. మిల్లు ఆసామిగారింటికి ఏ పని మీద వెళ్ళినా మెట్టు కింద నిలబడే మాట్లాడేది. ఇద్దరు పిల్లల్నీ చదివించే శక్తి లేక మా నాన్నగారిని బడికి పంపింది, మా మేనత్తని తనతో గచ్చు మీదకి తీసుకెళ్ళింది. నాన్నగారు టీచరయ్యాక ఇంట్లోకి మొదట తెచ్చిన వస్తువు ఒక చేతుల కుర్చీ. నాయనమ్మని అందులో కూర్చోబెడితే ఎవరో వచ్చి లేపుతారన్నట్టు అంచు మీదే కూర్చుందట. "ఎవరైనా కుర్చీ వేస్తే కాదనకూడదమ్మా, దాని కోసం మనం చాలా దూరం వచ్చాం" అని నాన్నగారు నాకు చిన్నప్పుడే చెప్పారు. నలభై ఆరేళ్ళు వచ్చేదాకా నేను ఆ మాట జవదాటలేదు. వేసిన ప్రతి కుర్చీలోనూ కూర్చున్నాను.

చివరికి మట్టల ఆదివారం నాడు కూడా కూర్చున్నాను. ఈస్టరుకి ముందు వచ్చే ఆ ఆదివారం పొద్దున మా సంఘమంతా కొబ్బరి మట్టలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ, కాలవ గట్టు మీదుగా ఊరంతా చుట్టి చర్చికి చేరుతుంది. వెనకాల మైకు సెట్టు పెట్టిన ట్రక్కు ఆటో ఒకటి వస్తుంది. నడవలేని ముసలమ్మలు ముగ్గురు నలుగురు అందులో ఎక్కుతారు. ఆరేళ్ళ కిందట మా సంఘపెద్దగారు నన్ను చూసి, "మీరూ ఎక్కేయండి టీచరుగారూ, ఎండగా ఉంది" అని అందులో నాకో కుర్చీ వేయించారు. మరుసటేడు దిగిపోదామనుకున్నంత తేలిక కాదు అలాంటివి. ఏడాదికేడాదీ నా కుర్చీ నాకు సిద్ధంగా ఉండేది. ఎనభై దాటిన వాళ్ళ మధ్య, చెవి పక్కన లౌడ్‌స్పీకరు పెట్టుకుని, చేతిలో మట్ట ఊపుతూ నేను.

కిందటేడాది అలా కూర్చుని ఉండగా ముందు వరసలో మా మేనత్త కనిపించింది. అరవై నాలుగేళ్ళ మనిషి. నాకూ ఆమెకీ ఒకే ఒళ్ళు. అవే భుజాలు, అదే నడుము, అవే కాళ్ళు. వెనక నుంచి చూసి మా ఆయనే రెండుసార్లు పొరబడ్డాడు. ఆమె మట్ట భుజాన వేసుకుని, పాడుకుంటూ, దారిలో ఎవరినో ఆటపట్టిస్తూ హాయిగా నడిచిపోతోంది. నేను ఆటోలో ఉన్నాను. నాకు ఏడుపొచ్చినంత పనయింది. వచ్చే మట్టల ఆదివారానికి ఊరంతా నా కాళ్ళ మీద నడిచి తీరాలని ఆ ఆటోలోనే పంతం పట్టాను.

పంతం పట్టినవాళ్ళంతా చేసే పనే ముందు నేనూ చేశాను. రాజోలులో ఆడవాళ్ళ జిమ్ములో చేరాను.

సెల్‌ఫోన్ల కొట్టు మీద మేడ. మెట్లు ఎంత ఇరుకంటే పైకి చేరేసరికే నా వ్యాయామం అయిపోయేది. లోపల నాలుగు గోడలకీ అద్దాలు. ఎటు తిరిగినా నేనే, అదీ ఒక్కర్ని కాదు. తలుపు పక్కన బొమ్మలో నడుమన్నదే లేని ఒకమ్మాయి నవ్వుతుండేది. నేర్పే పిల్ల కొత్తపేట వైపుది, మహా నెమ్మదైనది. నేను గడప దాటగానే, "ఆయ్, రండి మేడంగారూ, ముందు కాస్త కూర్చోండి" అని ఎర్ర కుర్చీ వేసేది. అయిదు నిమిషాలు చేతులు ఊపితే మళ్ళీ కుర్చీ. నడిచే మిషను ఎక్కే రోజున, అది ఎంత బరువు ఆపుతుందో కనుక్కుందామని అమ్మిన వాళ్ళకి ఫోను చేసింది. పాటల హోరులో వాళ్ళకి వినపడక నా బరువు మూడుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. డాక్టరుగారికి చెప్పిన అబద్ధమే ఆ పిల్లకీ చెప్పాను గనక బతికిపోయాను. ఎక్కాక నా వెనకాల రెండు చేతులూ చాపి నిలబడింది. నేను పడతానేమోనని ఆ పిల్లకి భయం. పడితే ఆ పిల్ల ఏమైపోతుందోనని నాకు భయం. ఆ పూట మేమిద్దరం చేసిన వ్యాయామం అదే.

పక్కన చాపల మీద ఉన్న ఆడవాళ్ళు కూడా మంచివాళ్ళే. "ఫరవాలేదండీ, మెల్లిగా చెయ్యండి, తొందరేముంది" అనేవారు. ఒక్కరు నవ్వలేదు. కానీ తొమ్మిది రోజుల తర్వాత నేను ఇంటికొచ్చి ఆ జిమ్ముని తిట్టుకోలేదు, నా కాళ్ళని తిట్టుకున్నాను. అంతవరకు నా కాళ్ళతో నాకు తగాదా లేదు. ఆ గదే పెట్టింది. పదో రోజున వెళ్ళలేదు.

ఎండలూ వానలూ వెళ్ళాక, కాలవ గట్టు. గట్టుకి అద్దాలుండవు, కుర్చీలుండవు, ఇంకేం కావాలనుకున్నాను. కొత్త బూట్లు తొడుక్కుని తెల్లవారగానే బయల్దేరాను. వంద అడుగులు వేశానో లేదో పక్కన స్కూటరు ఆగింది. మా క్లాసు పిల్ల తండ్రి.

"ఎక్కండి టీచరుగారూ. ఎక్కడిదాకా?"

"వాకింగుకండీ."

"ఆయ్, వాకింగు ఎక్కడికో చెప్పండి, దింపేసి వెళ్ళిపోతాను."

ఎంత చెప్పినా ఆయనకి ఎక్కలేదు. నన్ను నడిరోడ్డు మీద వదిలేసి వెళ్ళేడంటే ఇంట్లో ఆవిడ అన్నం పెట్టదన్నాడు. కాదంటే బాధపడేలా ఉన్నాడని ఎక్కాను. రాజోలు బస్టాండు దగ్గర దింపి, దణ్ణం పెట్టి వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఇంటికి ఆటోలో వచ్చాను. ఆ రోజు నేను ఇంట్లో ఉండుంటే అంతకంటే ఎక్కువ నడిచేదాన్ని.

మర్నాడు ఇంకో స్కూటరు, ఆ మర్నాడు పాల వ్యాను. నాలుగో రోజుకి మా ఆయన్ని ఊళ్ళో ఇద్దరు పక్కకి పిలిచి, "టీచరుగారి బండేమన్నా చెడిపోయిందాండీ? మా బండి పంపమంటారా?" అని అడిగారట. అదే గట్టు మీద ఒక బ్యాంకు ఉద్యోగి, సన్నగా రివటలా ఉంటాడు, నిక్కరేసుకుని రోజూ నడుస్తాడు. ఆయన పక్కన ఒక్క బండీ ఆగదు. ఆయన నడిస్తే వాకింగు, నేను నడిస్తే పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది.

వారం గడిచాక ఒక పొద్దున వెనకాల స్కూటరు చప్పుడు నెమ్మదించడం వినిపించింది. నేను ఇంక వెనక్కి చూడలేదు. ఎదురుగా మిల్లు గేటు తెరిచి ఉంటే దొంగలా లోపలికి దూరిపోయాను.

నవంబరు నెల, సార్వా వరి కోతలు అవుతున్న రోజులు. మా బడి మైదానమంత గచ్చు మీద ధాన్యం పరిచి ఉంది. మా అత్తా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ అందులో కాళ్ళీడ్చుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. ధాన్యం తిరగబెట్టడమంటే అదే. పాదాలతో దున్నినట్టు గింజని పక్కకి తోసుకుంటూ పోతే కింద ఉన్న తడి గింజ పైకొచ్చి ఎండుతుంది.

"ఏంటి కోడలా, ఈ యేళప్పుడు ఇటొచ్చేవు?" అంది అత్త, నడక ఆపకుండానే.

"వాకింగుకొచ్చానత్తా."

"అయితే చెప్పులిప్పు."

నేను అలవాటుగా చుట్టూ చూశాను. అంత గచ్చు మీద ఎక్కడా కుర్చీ లేదు. బూట్లు విప్పి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని ధాన్యంలో కాలు పెట్టాను. పైన వెచ్చగా, అడుగున చల్లగా తగిలింది. గింజల మొనలు అరికాళ్ళకి గుచ్చుకున్నాయి. అత్త పక్కకొచ్చి రెండడుగులు చూపించింది.

"కాలెత్తకూడదు. ఎత్తితే ఆయాసమొస్తది, గింజా తిరగదు. ఈడ్చుకుంటా పోవడమే. ఆ కొసకెళ్ళి, నీ గీత పక్కనే ఇంకో గీత పెట్టుకుంటా రా."

వెళ్ళి వచ్చాను. నా వెనకాల ధాన్యంలో రెండు చాళ్ళు తిన్నగా పడ్డాయి. అత్త వంగి చేత్తో కెలికి చూసింది. "అడుక్కంటా ఎల్లింది నీ కాలు. సన్నటోళ్ళు పైపైన గీకి పోతారు, మళ్ళీ నేనే తిరగెయ్యాలి" అని వెళ్ళిపోయింది. మెచ్చుకోవాలని కూడా అనలేదు, పని సంగతి చెప్పిందంతే. నాకు మాత్రం పతకం మెడలో వేసినట్టనిపించింది. ఎవరూ నన్ను చూడటంలేదు. అందరి చూపూ ఆకాశం మీదే, మబ్బు పడుతుందేమోనని. నేను పదో చాలు పూర్తి చేసి వాచీ చూసుకుంటే ముప్పావుగంట అయింది. బడికి ఆలస్యంగా వెళ్ళాను, జడలో ధాన్యం నుసితో.

అలా రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. నాలుగో రోజున మిల్లు ఆసామిగారి భార్య వసారాలోకి వచ్చి నన్ను చూసి గుండె మీద చెయ్యేసుకున్నారు.

"టీచరుగారూ! ఇదేంటండీ, మీరు ఇలా! ఎవరక్కడ, కుర్చీ తీసుకురండి!"

నా కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. నాన్నగారి మాట నా వీపు మీద చెయ్యేసి ముందుకి తోస్తోంది. ఈలోగా అత్త అవతల కొస నుంచి కేకేసింది. "కుర్చీ వేసేరంటే రేపట్నుంచి రాదండి అమ్మగారూ! అలా వదిలెయ్యండి దాన్ని!"

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. అయినా "ఆయ్" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను బతుకుజీవుడా అనుకుని నడిచాను. ఆ మధ్యాహ్నం పిల్లలకి పాఠం చెబుతూ ఉండగా ఒక సంగతి తట్టింది. నాలుగు రోజులు వచ్చిన నాకు కుర్చీ తెమ్మన్నారు. మా అత్త ఆ గచ్చు మీదకి వచ్చి యాభై ఏళ్ళు దాటింది. ఆమెకి ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు. నేను తప్పించుకు తిరుగుతున్న దాన్ని ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. నాకు కుర్చీ మీద ఉన్న కోపం ఆ రోజు ఇంకో దారి పట్టింది.

డిసెంబరులో తుపాను హెచ్చరిక వచ్చింది. ఒక ఉదయం నేను గచ్చు మీద ఉండగానే దక్షిణం వైపు ఆకాశం నల్లబడింది. అత్త ఒక్క అరుపు అరిచింది. అందరూ ధాన్యాన్ని కుప్పలుగా తోస్తున్నారు, టార్పాలిన్ బరకాలు లాగుతున్నారు. నేను బరకం కొస పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్ళీ వెనక్కి. చినుకులు పెద్దవయ్యేసరికి చివరి కుప్ప మీద కప్పేశాం. గోడవార నిలబడి రొప్పుతూ, చీర తడిసి ముద్దయి, అప్పుడు గ్రహించాను నేను పరిగెత్తానని. అంతకు ముందు పరిగెత్తింది పదో తరగతిలో. "జాగ్రత్త, పడతారు" అని ఒక్కరు కూడా అనలేదు. వాళ్ళకి తీరికేదీ? నేను పకపకా నవ్వడం మొదలుపెడితే అత్త, "దీనికి పిచ్చెక్కింది" అంది పక్కావిడతో.

ఎండిన ధాన్యం వెళ్ళిపోయి గచ్చు ఖాళీ అయ్యాక కూడా నేను వెళ్ళడం మానలేదు. గేటు వేసి లోపల తిరిగితే ఏ స్కూటరూ ఆగదు. జనవరి, ఫిబ్రవరి, మార్చి. పని లేని రోజుల్లో అత్త కూడా వచ్చి నాతో నాలుగు చుట్లు తిరిగేది, నన్ను తిట్టడానికే. తగ్గావా అని అడుగుతారు అందరూ. పాత జాకెట్లు ఎప్పటిలాగే పట్టేస్తున్నాయి. అయితేనేం, నా కాళ్ళతో తగాదా మాత్రం తీరిపోయింది.

మట్టల ఆదివారం రానే వచ్చింది. చర్చి ముందు ఆటో, ఆటోలో నా కుర్చీ.

"వేసుంచేనండి టీచరుగారూ" అన్నారు సంఘపెద్దగారు.

"ఈసారి నడుస్తానండి."

ఆయన నా మొహం, ఆకాశం మార్చి మార్చి చూశారు. "ఆయ్... ఎండండి మరి..."

"చూశానండి ఎండని."

"సరేనండి. ఆటో మీ వెనకాలే ఉంటదండి. ఎప్పుడంటే అప్పుడు ఎక్కేయొచ్చు."

అన్నట్టే ఆటోని నా మడమల వెనకాలే నడిపించారు. నేను ఆగితే అదీ ఆగుతుంది. కదిలితే అదీ కదులుతుంది. లోపలి ముసలమ్మలు నా మీద బెంగతో పాడటం కూడా మరిచిపోయారు. గట్టు దాకా బాగానే ఉంది. వంతెన ఎక్కే చోట దారి పైకి లేచింది. సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. మోకాళ్ళలో మంట. మా బడి పిల్లలు వెనక్కి తిరిగి చూస్తున్నారు. రెండడుగుల వెనక కుర్చీ ఉంది. చెయ్యెత్తితే చాలు. నిజం చెబుతున్నాను, చెయ్యి సగం లేచింది కూడా.

ముందు వరసలో ఉండాల్సిన అత్త ఎప్పుడు వెనకబడిందో, నా పక్కన ఉంది. నా మొహం చూడలేదు. నా కాళ్ళ వంక చూసింది.

"ఎత్తుతున్నావే, కాళ్ళు. ధాన్యంలో ఎల్లినట్టు ఎల్లు."

పాదం నేలకి ఆనించి ముందుకి తోశాను. తర్వాత రెండోది. కొస కనిపిస్తోంది, కొసకెళ్ళాలి, అంతే. ఎన్ని వందలసార్లు వెళ్ళలేదు? తారు రోడ్డు మీద చెప్పులు గరగరలాడాయి. వంతెన నడినెత్తికి చేరాక అవతలి దిగుడు, ఆ కింద మిల్లు గేటు కనిపించాయి. నేను పాట అందుకున్నాను. నా గొంతు ఎప్పుడూ మంచిది కాదు. ఆ రోజు అందరికంటే పైన వినపడింది.

మిల్లు గేటు దగ్గర మజ్జిగ ఇవ్వడం ఆసామిగారింటి ఆనవాయితీ. మేం చేసే పండగ వాళ్ళది కాకపోయినా, ఎండన పడి వచ్చినవాళ్ళ దాహం తీర్చాలన్న పట్టింపు వాళ్ళకుంది. ప్రతి ఏడూ గచ్చు మీద బిందెలు పెట్టి గ్లాసులతో అందిస్తారు. అమ్మగారు నన్ను నడుస్తూ రావడం చూసి ఎదురొచ్చారు. కళ్ళు చెమర్చాయి ఆవిడకి. "వంతెన మీంచి నడిచే వచ్చేరా! ఇప్పుడైనా కూర్చోండి, నా మాట కాదనకండి" అని స్వయంగా ఒక వెడల్పాటి చేతుల కుర్చీ పట్టుకొచ్చి నా ముందు వేశారు.

ఒక్క కుర్చీ. నా పక్కనే మా అత్త నిలబడి ఉంది, మట్ట భుజాన వేసుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"నాకు నిలబడే ఓపిక ఉందండి" అన్నాను. "మా అత్తకి వేసినందుకు చాలా సంతోషం."

ఆవిడ నన్ను చూశారు. తర్వాత అత్తని చూశారు. అత్త నన్ను చూసిన చూపుకి ఇంకొకరయితే పారిపోయేవారు. అమ్మగారి మొహంలో ఏమేం కదిలాయో నేను చెప్పలేను గానీ, కుర్చీ వీపు పట్టుకుని రెండడుగులు జరిపి, అత్త వెనకాల పెట్టి, "కూర్చో" అనబోయి ఆగారు. "కూర్చోండి" అన్నారు.

అత్త కూర్చుంది. నాయనమ్మలాగా అంచు మీద కాదు, నిండుగా, వీపు ఆనించి కూర్చుంది. యాభై ఏళ్ళు ధాన్యం తిరగబెట్టిన గచ్చు మధ్యలో మజ్జిగ గ్లాసు పట్టుకుని, అంతా తాగి, మూతి తుడుచుకుంది. నాకు నాన్నగారు గుర్తొచ్చి కళ్ళు మసకబారాయి. దాచుకోలేదు కూడా. నా కాళ్ళ మీద నేను నిలబడి, ఆమెని కూర్చోగా చూస్తున్నాను.

రెండు నిమిషాలు కూడా కాలేదు. కుర్చీ చేతుల మీద చేతులానించి లేచింది.

"ఇదేనా? దీనికోసమా మీ నాన్న అంత మురిసిపోయేడు?" అంది నాతో, చిన్నగా. "బానే ఉందిలే." మట్ట మళ్ళీ భుజాన వేసుకుంది. "పద కోడలా. ముందోళ్ళు మలుపు తిరిగిపోయేరు."

వాళ్ళని అందుకోవడానికి ఇద్దరం వడివడిగా నడిచాం. మా వెనకాల ఆటో ఖాళీ కుర్చీతో చర్చి దాకా వచ్చింది.